సభలో మాట్లాడే భయాన్ని తెలుగులో కొలవడం ఎలా? ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చేవారికి సమగ్ర మార్గదర్శి

"బహిరంగ ప్రసంగ ఆందోళన ప్రశ్నావళి" అని ఒక కాగితం మీద అచ్చువేసి డిగ్రీ పిల్లల చేతిలో పెట్టి చూడండి. మైకు ముందు వణుకు కంటే కలెక్టరేట్ ముందు ధర్నా ముందుగా గుర్తొస్తుంది వాళ్ళకి. మన పేపర్లలో ఆందోళన అంటే రాస్తారోకో, సభలో ఆందోళన అంటే పోడియం చుట్టుముట్టడం. పోనీ టెన్షన్‌ని 'ఉద్రిక్తత' అందామా అంటే పోలీసు పికెట్ కళ్ళముందు మెదులుతుంది. నిఘంటువు ప్రకారం రెండు మాటల్లోనూ తప్పు లేదు. అయినా ఆ కాగితం మనం కొలవాలనుకున్నదాన్ని కొలవదు.

సైకాలజీ, ఎడ్యుకేషన్, నర్సింగ్, మేనేజ్‌మెంట్ కోర్సుల్లో ప్రాజెక్టు కోసం ఇంగ్లిష్ ప్రశ్నావళిని తెలుగు చేసుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. సాధారణంగా జరిగేదేమిటంటే, ఒక రాత్రి కూర్చుని తర్జుమా చేయడం, తెలుగు లెక్చరర్‌తో దిద్దించడం, మర్నాడు రెండొందల జిరాక్సులు తీయడం. అలా కాకుండా చేయాలనుకునేవారి కోసం ఈ వ్యాసం. ఉదాహరణగా అమెరికన్ కమ్యూనికేషన్ పండితుడు జేమ్స్ మెక్‌క్రోస్కీ 1970లో ప్రచురించిన పీఆర్‌పీఎస్‌ఏ (పర్సనల్ రిపోర్ట్ ఆఫ్ పబ్లిక్ స్పీకింగ్ యాంగ్జైటీ, అంటే సభలో మాట్లాడే భయం గురించి మనిషి తన గురించి తానే చెప్పుకునే ప్రశ్నావళి) అనే కొలమానాన్ని తీసుకుంటున్నాను. ఇందులో 34 వాక్యాలుంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు, పూర్తిగా ఒప్పుకుంటే 5. మొత్తం స్కోరు 34కీ 170కీ మధ్య వస్తుంది. ఎక్కువ వస్తే భయం ఎక్కువని అర్థం.

1. ముందు కొలమానం ఎంచుకోండి, అనుమతి చూసుకోండి

అందరికీ పీఆర్‌పీఎస్‌ఏ అక్కర్లేదు. నలుగురిలో, మీటింగుల్లో, ఎదురెదురుగా, వేదిక మీద ఇలా నాలుగు సందర్భాల్లో మాట్లాడే బెరుకు తెలియాలంటే మెక్‌క్రోస్కీదే పీఆర్‌సీఏ-24 ఉంది, సందర్భానికి ఆరు వాక్యాల చొప్పున. పొట్టిగా కావాలంటే 2016లో వచ్చిన 17 వాక్యాల పీఎస్‌ఏఎస్ ఉంది. అది ఆలోచనలు, ప్రవర్తన, శరీర లక్షణాలు మూడింటినీ విడిగా చూస్తుంది. మీ పరిశోధన ప్రశ్నకు ఏది సరిపోతుందో చూసి తీసుకోండి. గైడ్ గారు వాడారు కాబట్టి అన్నది కారణం కాదు.

మెక్‌క్రోస్కీ తన కొలమానాలను బోధనకూ పరిశోధనకూ ఉచితంగా వాడుకోనిచ్చారు, మూలాన్ని పేర్కొంటే చాలు. మిగతావాటికి రచయితకు ఒక ఈమెయిల్ రాసి, జవాబు దాచుకోండి. అదే ఈమెయిల్లో ఇప్పటికే ఎవరైనా తెలుగు చేశారా అని కూడా అడగండి. ఉంటే సగం పని తప్పుతుంది. కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి కూడా ఇప్పుడే మొదలుపెట్టండి, అది మీరనుకున్న నెలలో రాదు. ఇంటర్ పిల్లలైతే వాళ్ళ ఇష్టంతో పాటు తల్లిదండ్రుల సంతకమూ కావాలి.

2. తర్జుమాకు ముందు పదిమందితో మాట్లాడండి

ఈ అడుగును దాదాపు అందరూ దాటేస్తారు. నా దృష్టిలో మొత్తం పనిలో దీనికున్నంత విలువ వేరేదానికి లేదు.

మీరు ఎవరికి ఈ ప్రశ్నావళి ఇవ్వబోతున్నారో వాళ్ళలోంచే పది పదిహేనుమందిని విడివిడిగా కూర్చోబెట్టి, "ఫేర్‌వెల్ పార్టీలో హఠాత్తుగా మైకు ఇచ్చి నాలుగు మాటలు మాట్లాడమంటే నీకేమవుతుంది?" అని అడగండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. స్టేజ్ ఫియర్, టెన్షన్, కంగారు, గాభరా, బెరుకు, జంకు, బిడియం, సిగ్గు అన్నీ వస్తాయి. తెలంగాణ జిల్లాల్లో బుగులు, పరేషాన్ వినిపిస్తాయి. గొంతు తడారిపోవడం, నాలుక పిడచగట్టుకుపోవడం, నోట మాట రాకపోవడం, కాళ్ళూ చేతులూ ఆడకపోవడం, గుండె దడదడలాడటం, ముచ్చెమటలు పట్టడం అంటారు. ఈ జాబితాయే రేపు మీ అసలైన నిఘంటువు.

మాటలతో పాటు మూడు చిక్కులు కూడా బయటపడతాయి, వాటికి సిద్ధంగా ఉండండి.

మొదటిది ఇంగ్లిష్. మన కాలేజీల్లో 'స్పీచ్', 'సెమినార్', 'ప్రెజెంటేషన్' అంటే పిల్లలకు తోచేది ఇంగ్లిష్‌లో మాట్లాడటం. ఊళ్ళో వినాయక చవితి పందిట్లో మైకు పట్టుకుని గంటసేపు దంచేసే కుర్రాడే క్లాసులో పవర్‌పాయింట్ ముందు నీళ్ళు నమలచ్చు. అతని భయం సభకా, భాషకా? ప్రశ్నావళిలో భాష గురించి ఏమీ చెప్పకపోతే సగంమంది ఒకటి, సగంమంది ఇంకొకటి తలుచుకుని టిక్ పెడతారు, మీరేమో రెండూ కలిపి సగటు తీస్తారు. కాబట్టి పైన సూచనల్లోనే తేల్చేయండి: "ఈ వాక్యాలన్నీ మీరు తెలుగులో, ఇరవైమందికి తక్కువ కాకుండా ఉన్నచోట, నిలబడి మాట్లాడే సందర్భం గురించి." ఇంగ్లిష్ భయమూ కావాలంటే దాన్ని వేరే కాగితం మీద అడగండి.

రెండోది పెద్దరికం. పెద్దల ముందు నోరు మెదపకపోవడాన్ని మనం చాలా ఇళ్ళలో మర్యాద కింద లెక్కేస్తాం. గ్రామసభలో వెనక వరసలో మౌనంగా కూర్చున్న ఆడమనిషి భయపడుతోందో, మాట్లాడటం తన పని కాదనుకుంటోందో, మాట్లాడినా ఎవరు వింటారులే అనుకుంటోందో బయటికి ఒకేలా కనిపిస్తుంది. "నేను మాట్లాడే అవకాశాలను తప్పించుకుంటాను" లాంటి వాక్యాలు ఈ మూడింటినీ ఒకే గంపలో వేస్తాయి.

మూడోది అనుభవం. మెక్‌క్రోస్కీ కొలమానం పుట్టింది స్పీచ్ అనేదే ఒక కోర్సుగా ఉండే అమెరికన్ కాలేజీ తరగతుల్లో. అక్కడ ప్రతి విద్యార్థీ ఆ సెమిస్టర్లో లేచి మాట్లాడి తీరాలి. మన దగ్గర పీజీ అయిపోయినా ఒక్కసారీ స్టేజీ ఎక్కనివాళ్ళు బోలెడుమంది.

3. ఇద్దరు అనువాదకులు, ఒకరికొకరు తెలియకుండా

ఈ రంగంలో ఎక్కువగా అనుసరించే పద్ధతిని 2000లో బీటన్ బృందం రాసింది. అనువాదకులిద్దరికీ మాతృభాష తెలుగై ఉండాలి. ఒకరికి విషయం తెలియాలి, సైకాలజీ వాళ్ళయితే మంచిది. రెండోవారికి ఈ గొడవ ఏమీ తెలియకూడదు, మామూలు జనం మాట పట్టుకోవడానికి వారే దిక్కు. ఒకరు కోస్తా, ఒకరు తెలంగాణ అయితే మరీ మేలు. ఇద్దరూ అనుమానమున్న ప్రతిచోటా పక్కన ఒక ముక్క రాయాలి. మెషీన్ అనువాదాన్ని మూడో ప్రతిగా పక్కన పెట్టుకోండి, అభ్యంతరం లేదు. దాన్నే మొదటి ప్రతిగా తీసుకుని దిద్దడం మొదలుపెడితే మాత్రం మీ చెవి దాని వాక్యానికి అలవాటు పడిపోతుంది.

4. రెండు ప్రతుల్నీ ఒకటి చేయడం

అనువాదకులిద్దరూ, మీరూ కూర్చుని వాక్యం వాక్యం తేల్చాలి. 34 వాక్యాలకు రెండు పూటలు పట్టినా ఆశ్చర్యపోకండి. ఎక్కడెక్కడ ఆగుతారో కొన్ని చూద్దాం.

రెండో వాక్యం కోర్సు వివరాల్లో 'స్పీచ్' అన్న మాట కనపడితే కలిగే టెన్షన్ గురించి. మన సిలబస్‌లో అది ఉండదు. "నోటీసు బోర్డులో సెమినార్ లిస్టులో నా పేరు కనపడితే" అని మార్చవచ్చు. ఇది అనువాదం కాదు, సందర్భం మార్పిడి. అలా మార్చినట్టు నమోదు చేయాలి, అంతే.

పదహారో వాక్యం మాట్లాడేటప్పుడు మనిషి పూర్తిగా తన స్వాధీనంలో ఉండటం గురించి. 'పొసెషన్' అన్న ఇంగ్లిష్ మాట వెంట పడితే పూనకం దాకా పోతాం. "నన్ను నేను పూర్తిగా స్వాధీనంలో ఉంచుకుంటాను" అన్నది మరీ తప్పు కాకపోయినా ఎవరూ అలా మాట్లాడరు. ఈ భావానికి తెలుగులో నిబ్బరం అనే చక్కటి మాట సిద్ధంగా ఉంది: "మాట్లాడుతున్నంతసేపూ నిబ్బరంగా ఉంటాను."

ఇరవై రెండోది శరీరంలో కొన్ని భాగాలు బిగుసుకుపోవడం గురించి. "నా కొన్ని శరీర భాగాలు" అని రాస్తే వెనక బెంచీలో నవ్వులు ఖాయం. "మెడ, భుజాలు, కాళ్ళు లాంటివి బిగుసుకుపోతాయి" అనండి.

పంతొమ్మిదో వాక్యం చెమట. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో చెమట పట్టడానికి సభ అక్కర్లేదు. "ముచ్చెమటలు పడతాయి" అంటే భయం వచ్చేస్తుంది నిజమే, కానీ మోతాదు కూడా పెరిగిపోతుంది. కొద్దిగా చెమట పట్టేవాళ్ళు దానికి అవునని చెప్పరు. నుడికారంతో ఉన్న చిక్కే ఇది. చదవడానికి ఎంత బాగుంటుందో, కొలతను అంత పైకి ఎగదోస్తుంది. "ఉక్క లేకపోయినా చెమట పడుతుంది" అన్నది అందంగా లేదు కానీ పని చేస్తుంది.

ఇంగ్లిష్ మూలంలో నెర్వస్, టెన్స్, యాంగ్షస్, డ్రెడ్, ఫియర్ అన్నీ ఉన్నాయి. తెలుగులో వీటికి ఒకటికొకటి జత కుదరదు. 'భయం'తో అన్నిటినీ సరిపెడితే, తొమ్మిదో వాక్యం, ఇరవై ఎనిమిదో వాక్యం దాదాపు కవలలవుతాయి. రెండూ టీచర్ ప్రకటించగానే కలిగే కంగారు గురించే, అప్పుడు మిగిలే తేడా ఒకదాంట్లో తారీఖు ప్రస్తావన మాత్రమే. ఆ తేడాను నిలబెట్టి రాయండి. 'టెన్షన్' వాడటానికి మొహమాటపడొద్దు. అది ఎప్పుడో తెలుగు మాట అయిపోయింది, శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఒకే అర్థంలో చెల్లుతుంది. 'బుగులు'కి ఆ సౌకర్యం లేదు.

వ్యాకరణంలో ఒక లాభం, ఒక నష్టం. "నేను కంగారు పడతాను" అని ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒకేలా అంటారు కాబట్టి హిందీ వాళ్ళలా రెండు ప్రతులు అచ్చువేయక్కర్లేదు. నష్టమేమిటంటే "చేతులు వణుకుతాయి" అన్నది ఎప్పుడూ జరిగేదానికీ, రేపు జరగబోయేదానికీ ఒకే రూపం. ఎన్నడూ స్టేజీ ఎక్కనివాడు ఊహించి జవాబిస్తాడు, ఎక్కినవాడు గుర్తుచేసుకుని ఇస్తాడు. అందుకే మొదట్లోనే "గత రెండేళ్ళలో ఎన్నిసార్లు సభలో మాట్లాడారు?" అని ఒక ప్రశ్న చేర్చండి. విశ్లేషణలో ఇద్దర్నీ విడదీయడానికి అదే ఆధారం.

ఇక 'కాదు', 'లేదు'లు. ఆరో వాక్యం, పద్దెనిమిదో వాక్యం భయం లేదని చెబుతాయి. "నాకు భయం లేదు" అన్నదానికి "అంగీకరించను" అని టిక్ పెట్టాలంటే బుర్రలో గిర్రున ఒక చుట్టు తిరగాలి. వీలైనచోట "ధైర్యంగా", "హాయిగా" లాంటి మాటలతో నేరుగా చెప్పండి.

జవాబుల వరసా అంతే ముఖ్యం. 'తటస్థం' ఎన్నికల వార్తల మాట. 'చెప్పలేను' అంటే తెలియదని, మధ్యస్థమని కాదు. "పూర్తిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను, అటూ ఇటూ కాదు, ఒప్పుకోను, అస్సలు ఒప్పుకోను" అన్నది నోటికీ చెవికీ సరిపోయే వరస.

5. తిరుగు అనువాదం

తెలుగు ప్రతిని, ఇంగ్లిష్ మూలం చూడని ఇద్దరికి ఇచ్చి మళ్ళీ ఇంగ్లిష్ చేయించాలి. 1970లో బ్రిస్లిన్ రాసిన వ్యాసంతో బాగా ప్రచారంలోకి వచ్చిన పద్ధతి ఇది. వాళ్ళకు ఇంగ్లిషే మొదటి భాష అయితే మంచిది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పెరిగిన మన పిల్లలు దీనికి పనికొస్తారు. వాళ్ళలో చాలామందికి తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. వాక్యాలను మీరు చదివి, వాయిస్ రికార్డు చేసి పంపండి.

ఒక హెచ్చరిక. తిరుగు అనువాదం మూలంతో అచ్చుగుద్దినట్టు సరిపోయిందంటే సంబరపడకండి. మాటకు మాట పెట్టిన చెత్త తర్జుమాయే అన్నిటికంటే చక్కగా వెనక్కి వెళ్తుంది. 'స్వాధీనంలో ఉంచుకుంటాను' తిరిగి మూలం దగ్గరికే చేరుతుంది. 'నిబ్బరంగా ఉంటాను' వేరే మాటగా వస్తుంది. అయినా తెలుగువాడికి అర్థమయ్యేది రెండోదే. తిరుగు అనువాదంతో అర్థం తారుమారైన చోట్లు పట్టుకోండి, శైలికి మార్కులు వేయకండి.

6. నిపుణుల బృందం

ఆరుగురు చాలు. సైకాలజిస్టు, కొలమానాల గణాంకం తెలిసినవారు, తెలుగు అధ్యాపకులు, అనువాదకుల్లో ఒకరు, రోజూ క్లాసు చెప్పే ఒక టీచర్, ఆరో కుర్చీలో ఒక మామూలు విద్యార్థి. ఒక్కో వాక్యం ఎంత సంబంధితమో 1 నుంచి 4 దాకా మార్కు వేయించండి. 3 లేదా 4 వేసినవారి నిష్పత్తి ఆ వాక్యపు సూచీ. ఆరు నుంచి పదిమంది ఉన్నప్పుడు 0.78కి తగ్గితే వాక్యాన్ని మళ్ళీ చూడాలి. ఐదుగురు, అంతకన్నా తక్కువైతే అందరూ ఒప్పుకోవాల్సిందే.

ఇక్కడ పండితుల పట్ల కొంచెం జాగ్రత్త. 'స్టేజీ' వేదికవుతుంది, 'వినేవాళ్ళు' శ్రోతలవుతారు, 'గుండె దడ' హృదయ స్పందన తీవ్రత అవుతుంది. వారి మీద గౌరవం ఉంచుకునే, విద్యార్థి వైపు తిరిగి "ఏమంటావు?" అని అడగండి.

7. ఒక్కొక్కరితో చదివించి వినడం

ముప్ఫై నలభైమందికి ప్రతిని ఇచ్చి నింపించాలి. వాళ్ళలో కనీసం పదిమందితో ప్రతి వాక్యం ఏమని అర్థమైందో చెప్పించాలి. సంభాషణ ఇలా సాగుతుంది:

"ఏమ్మా, పంతొమ్మిదో వాక్యం నీ మాటల్లో చెప్తావా?"
"స్పీచ్ ముందు చెమట పడుతుందా అని సార్."
"నువ్వు 'పూర్తిగా ఒప్పుకుంటాను' పెట్టావు. దేన్ని తలుచుకుని పెట్టావు?"
"మా సెమినార్ హాల్లో ఫ్యాన్లు తిరగవు కదా సార్. అందరికీ పడుతుంది."

ఎన్ని గణాంకాలు చేసినా ఈ జవాబు మీకు దొరకదు. "అర్థమైందా?" అని మాత్రం అడగొద్దు. మన దగ్గర దానికి అందరూ "అర్థమైంది సార్" అనే అంటారు. "నీ మాటల్లో చెప్పు", "ఎప్పటి సంగతి గుర్తొచ్చింది?", "ఇదే ప్రశ్న మీ అమ్మను అడగాలంటే ఎలా అడుగుతావు?" అనేవి పనికొస్తాయి. మార్కులు వేసే టీచరే ఇంటర్వ్యూ చేయకూడదు. గుండె దడ గురించి నడివయసు వాళ్ళని అడిగితే బీపీ, షుగర్ కబుర్లు మొదలవుతాయి. ఆ జవాబు సభ గురించా, ఒంటి గురించా అని విడదీసి అడగండి.

ఫోన్లో నింపించేటట్టయితే ఫోన్లోనే పరీక్షించండి. గూగుల్ ఫారంలో గడుల పట్టిక పెడితే చిన్న తెర మీద కుడివైపు నిలువు వరసలు కనపడవు. కనపడినవాటిలోనే టిక్ పెట్టేస్తారు. ఒక వాక్యం, కింద ఐదు జవాబులు, ఇలా విడివిడిగా పెట్టడమే నయం.

8. అంకెలు

వాక్యానికి ఐదు నుంచి పదిమంది అన్నది వాడుకలో ఉన్న లెక్క. అంటే 34 వాక్యాలకు 170 నుంచి 340 మంది. క్రాన్‌బాక్ ఆల్ఫా, అంటే వాక్యాలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొంతనగా ఉన్నాయో చెప్పే అంకె, 0.70 దాటాలంటారు. ఇన్ని వాక్యాలున్నప్పుడు అది తేలిగ్గానే దాటుతుంది, కాబట్టి దాన్ని చూసి మురిసిపోనక్కర్లేదు. ఒక్కో వాక్యం మిగతా మొత్తంతో ఎంత కలుస్తోందో చూడండి. 0.30 కంటే తక్కువుంటే ఆ వాక్యాన్ని ఏడో అడుగు నోట్సుతో కలిపి చదవండి, కారణం తరచుగా అక్కడే ఉంటుంది. స్కోరు నిలకడగా ఉందో లేదో తెలియడానికి రెండు వారాల తర్వాత అదే జనంలో కొందరికి మళ్ళీ ఇవ్వండి. మధ్యలో సెమినార్లు, యూత్ ఫెస్టివల్ లేకుండా చూసుకోండి. ఫ్యాక్టర్ ఎనాలిసిస్‌లో (ఏ వాక్యాల జవాబులు కలిసి నడుస్తున్నాయో చూపే లెక్కలో) ధైర్యపు వాక్యాలన్నీ ఒక గుంపుగా విడిపోతే కొత్త మానసిక గుణం కనిపెట్టామని రాయకండి. తిరగేసి రాసిన వాక్యాలు అలా గుంపు కట్టడం మామూలే.

నిజంగా భయాన్నే కొలుస్తోందా అని తేల్చడానికి సులువైన దారి ఒకటుంది. కొంతమందితో మూడు నిమిషాలు మాట్లాడించి, దిగగానే "ఇప్పుడు నీ భయం 0 నుంచి 100లో ఎంత?" అని అడిగి, ఆ అంకెను స్కోరుతో పోల్చండి.

ఒక లెక్క వేసి చూపిస్తాను. పీఆర్‌పీఎస్‌ఏలో 22 వాక్యాలు భయం వైపు, 12 ధైర్యం వైపు. స్కోరు సూత్రం: 72లోంచి ధైర్యపు వాక్యాల మొత్తం తీసేసి, భయపు వాక్యాల మొత్తం కలపాలి. ఇప్పుడు చదవకుండానే అన్నిటికీ 'పూర్తిగా ఒప్పుకుంటాను' పెట్టినవాడి స్కోరు: 72 − 60 + 110 = 122. అన్నిటికీ మధ్యది పెట్టినవాడికి 72 − 36 + 66 = 102. మెక్‌క్రోస్కీ పట్టిక ప్రకారం 98 నుంచి 131 దాకా మధ్యస్థ భయం. ఇద్దరూ చక్కగా 'మధ్యస్థం'లో కూర్చుంటారు, మీ డేటాలో ఏ అనుమానమూ రాదు. సార్ ఇచ్చిన కాగితం కదా అని అన్నిటికీ ఊఁ కొట్టేవాళ్ళు మన క్లాసుల్లో తక్కువేం కాదు. స్కోరు వేయకముందే ఒకే గడి టిక్‌లున్న కాగితాలను పక్కకు తీయండి.

9. గీతలు, సూత్రం

ఆ 98, 131 ఎక్కడివి? అమెరికన్ విద్యార్థుల సగటు 114.6, ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకె) 17.2. సగటుకు అటొకటి, ఇటొకటి గీసిన గీతలవి. వాటిని తెలుగు ప్రతికి అతికించి "మా కాలేజీలో ఇంతమందికి తీవ్ర భయం" అని తేల్చేస్తే అమెరికా టేపుతో కొలిచి కర్నూలులో చొక్కా కుట్టినట్టే. మీ నమూనా సగటు, విచలనం ఇవ్వండి, స్త్రీ పురుషులకూ స్టేజీ అనుభవం ఉన్నవారికీ లేనివారికీ విడిగా చూపండి. రెండు దేశాల సగటుల్ని పోల్చాలంటే వాక్యాలు రెండుచోట్లా ఒకేలా పనిచేస్తున్నాయని విడిగా పరీక్షించాలి. అది చేయకపోతే పోల్చకండి. భయంతో నిద్ర, చదువు దెబ్బతింటున్నాయని ఎవరైనా చెబితే స్కోరు చెప్పి పంపేయకుండా కాలేజీ కౌన్సెలర్ దగ్గరికో, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కో దారి చూపించండి.

వాక్యాలు తీసేస్తే సూత్రం కూడా మారుతుంది, ఇక్కడ చాలామంది పొరపడతారు. ఆ 72 ఆకాశంలోంచి ఊడిపడలేదు, 12 ధైర్యపు వాక్యాలను ఆరుతో గుణిస్తే వచ్చింది. ఒక ధైర్యపు వాక్యం తీసేస్తే అది 66 అవుతుంది, రెండు తీసేస్తే 60. భయపు వాక్యం తీస్తే 72 మారదు, కానీ గరిష్ఠ స్కోరు ఐదు, కనిష్ఠ స్కోరు ఒకటి తగ్గుతాయి. మీ తెలుగు ప్రతి అడుగున కొత్త సూత్రం, ఏ నంబరు వాక్యాలు ఎటువైపువో, ఏ నెల ప్రతి అన్నదీ అచ్చువేయండి. వచ్చే ఏడాది మీ జూనియర్ చేతికి వెళ్ళేది ఆ జిరాక్స్ కాగితం ఒక్కటే.